దారం లేని సూది

పర్లాకిమిడి రాజవీధిలో
మందుల షాపు మేడమీద పాఢి డాక్టరమ్మ గది.
మెట్లు పద్దెనిమిది.
తొమ్మిదో మెట్టు దగ్గర మా సుభద్రి ఆగిపోయింది.
"అమ్మా, పన్ను నొప్పి పోయింది. నిజం. ఒట్టు."
బుగ్గ మాత్రం బూరెలా ఉంది.

ఇంట్లో దానికి సూదంటే భయం లేదు.
నేను జాకెట్లు కుట్టేదాన్ని.
పొద్దుగూకితే నా కళ్లకి బెజ్జం ఆనదు;
దారం కొస నాలికతో తడిపి
ఒక్క గురికే దూర్చి ఇచ్చేది అదే.
జారిపోయిన సూది కోసం
అరచేత్తో నేలంతా తడిమి వెతికేదీ అదే.
వాళ్ల నాన్న గేదె కొమ్ముతో కొంగలు చేస్తాడు.
కొమ్ముకి బెజ్జం వేసే మర జుయ్యిమంటుంటే
పక్కనే బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటుంది.

మరి ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చింది?
ఎవరికీ చెప్పలేదు గాని నాకు తెలుసు.
అన్నం మింగకపోతే, సూది.
నిద్రపోకపోతే, సూది.
చుట్టాల ముందు పేచీ పెడితే
"అదిగో కంపౌండరు, పేద్ద సూది."
మూడేళ్లు చేబదులుగా వాడుకున్న భయం
వడ్డీతో సహా వచ్చి
తొమ్మిదో మెట్టు మీద కూర్చుంది.

కుర్చీ వెనక్కి వాలింది. దీపం కళ్లలోకి వెలిగింది.
డాక్టరమ్మ ఒడియాలో మెత్తగా అంది:
"టికే ఛుంచి, మా, టికే."
బడిలో ఒడియా చదివితే ఏం,
ఇంటి చెవి ఇంటిదే.
"చుంచా? నా నోట్లో చుంచెలుకా?"
చెప్పు ఒకటి అటు, ఒకటి ఇటు ఎగిరిపోయాయి.
"చుంచు కాదే తల్లీ, ఛుంచి."
"ఛుంచి అంటే ఏటి?"

అక్కడ ఇరుక్కున్నాను.
ఎలుక కాదంటే సూది అనాలి.
సూది కాదంటే ఎలుకని ఉంచాలి.
రెండు భాషలొచ్చిన నోటికి
ఏ భాషలోనూ అబద్ధం దొరకలేదు.
"సూదే" అన్నాను.

ఏడవలేదు. చాలాసేపు దాన్నే చూసింది.
"దీనికి దారం ఏదీ?"

దారం లేని సూది దేనికి,
ఊరికే పొడవడానికి కాకపోతే?
కుట్టేవాళ్ల పిల్ల, అడగాల్సిందే అడిగింది.
వచ్చీరాని ఒడియాలో డాక్టరమ్మకి చెప్పాను.
ఆవిడ నవ్వలేదు.
సొరుగు లాగి, పళ్ల సందుల్లో తీసే మైనపు దారం
మూరెడు తెంపి చేతిలో పెట్టింది.
సుభద్రి కొస తడిపింది.
చూపుడువేలికి చుట్టింది, ఇంకా చుట్టింది,
వేలి చివర నీలం తిరిగేదాకా.
సూది దిగినప్పుడు ఊఁ అంది.
కళ్లు నిండి చెవుల్లోకి కారాయి.
నొప్పి ఉండదని ఎవరం అనలేదు. ఉంది.

"అమ్మా, నా పెదవి ఏదీ? ఇక్కడే ఉండాలి కదా."
పెదవిని తడుముకుంటూనే
పద్దెనిమిది మెట్లూ దిగింది.
కాగితం పొట్లంలో పన్ను.
పక్కింటి ఒడియా పిల్లలు వేసినట్టే
గోడమూల కన్నంలో వేసి, వంగి,
"చుంచూ, ఇది నీకే. పుచ్చిపోయింది, ఏమనుకోకు."

రాత్రి మెత్తగా గంజన్నం.
రెండు ముద్దలకే మొహం తిప్పేసుకుంది.
"తినకపోతే..."
అంతవరకు వచ్చి నా నాలిక మొద్దుబారింది.
పొద్దున ఆ మందు దానికిచ్చారో, నాకో.
"తినకపోతే ఏటి?"
వాచిన బుగ్గ నావైపు తిప్పి చూస్తోంది.
"తినకపోతే... రేపు తిందువులే."

బల్బు కింద ఇంకా రెండు జాకెట్ చేతులున్నాయి.
కొస తడపడానికి దానికి ఒక పక్క పెదవి రాలేదు.
నేను తడిపి ఇచ్చాను.
అది దూర్చింది,
ఒక్క గురికే.